ఇరవై తర్వాతి మాట

బొటనవేలి గోరును షాఫ్ట్ మీద ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా లాగాడు యాకయ్య. కళ్లు మూసుకున్నాడు. గీత తగిలిన చోట గోరు ఆగింది. కదిలింది. మళ్లీ ఆగింది. జనగామలో హైదరాబాద్ రోడ్డు పక్కన, రేకుల కప్పు కింద, ఇరవై తొమ్మిదేళ్లుగా అతను చేస్తున్న పని ఇదే. లారీ గానీ ట్రాక్టర్ గానీ, ఇంజిన్ పాడైతే దాని పొట్టలోంచి క్రాంక్ షాఫ్ట్ ఊడదీసి ఇక్కడికే తెస్తారు. పిస్టన్ల కింద గిరగిరా తిరుగుతూ బండినంతా లాగే ఇరుసు అది. అరిగి గీతలు పడ్డ దాన్ని మిషన్‌కెక్కించి, పైపొర తీసి నున్నగా చేయడం యాకయ్య వంతు. ఎంత పొర తీస్తే అంత మందం ఎక్కువున్న బేరింగులు వేసుకుంటారు.

సన్నటి మనిషి. కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి దిగి ఉంటుంది. ఎంత సబ్బు రుద్దినా వేళ్ల సందుల్లో నలుపు పోదు. బజారులో ఎదురైతే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. కానీ ఒకప్పుడు అతన్ని వెతుక్కుంటూ భూపాలపల్లి నుంచి కూడా వచ్చేవాళ్లు! నడుస్తున్న ఇంజిన్ మీద స్క్రూడ్రైవర్ మొన పెట్టి, పిడిని చెవికి ఆనించి, "మూడో బేరింగు పోయింది" అనేవాడు. విప్పి చూస్తే మూడోదే. అట్లా చెవి యాకయ్య అని పేరు పడింది.

ఆ చెవులు పోయి రెండేళ్లయింది. మిషన్ మోతే తినేసింది. మొదట ఫోనులో మాటలు అందకుండా పోయాయి, తర్వాత పిట్టల కూతలు, ఆ తర్వాత భార్య కట్టమ్మ గొంతు. ఇంట్లో ఆమె వెనక నుంచి పిలిస్తే పలకడు. "వయసు మీద పడ్డకొద్దీ నీకు పొగరెక్కుతుంది. పిలిస్తె పలుకనన్న పలుకవేంది?" అని ఆమె ఎదురుగా వచ్చి కడిగేస్తుంది. పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు, కిక్కురుమనడు. పొగరనుకున్నా ఫరవాలేదు. చెవుడని తెలిస్తే కట్టమ్మ ఏడుస్తుంది, వాడకట్టంతా తెలుస్తుంది, షాపులోనూ తెలుస్తుంది. చెవిటివాణ్ని మిషన్ దగ్గర ఎవరు నిలబెడతారు? ఆ మిషన్ తప్ప యాకయ్యకు ఇంకేం చేతనవును? ఇంజిన్ చూడమని ఎవరైనా అడిగితే ఇప్పుడు స్క్రూడ్రైవర్ పిడిని పళ్ల మధ్య కరిచి పట్టుకుంటున్నాడు. దడదడ దవడల్లోకి వస్తుంది. అదేదో యాకయ్య స్టైలు అనుకున్నారు జనం.

ఆ పొద్దున షాఫ్ట్ తెచ్చినవాడు యుగేందర్. మహబూబాబాద్ నుంచి వచ్చాడు, ముప్పై దాటి ఉంటాయి. ఉన్న కారును ఉన్నట్టు నడపడం అతనికి చేతకాదు. కంప్యూటర్ పెట్టి దాని బుద్ధి మార్పించాడు, పెద్ద టర్బో బిగించాడు, కంపెనీ ఇచ్చిన బలాన్ని రెండింతలు చేశాడు. బలం పెంచడానికేముంది? మోసేది షాఫ్ట్ కదా! కంపెనీ షాఫ్ట్ ఆరు నెలలకే మొరాయించింది. వేరే దేశం నుంచి గట్టిది తెప్పించాడు. ఏడాది తిరక్కముందే దానికీ గీతలు. దుప్పట్లో చుట్టి తెచ్చి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు బల్ల మీద పడుకోబెట్టాడు.

"కాకా, జర పైలం. గిది మళ్ల దొరకది. పైపొరనే గట్టిగుంటది, లోపలంత మెత్తన" అన్నాడు.

ఎదురుగా నిలబడి చెప్పాడు కాబట్టి అంతా అందింది. "ఎంత దియ్యాలె?" అనడిగాడు యాకయ్య.

"ఇరవై" అంటూనే జేబులోంచి ఫోను తీసి పక్కకు తిరిగాడు యుగేందర్. పెదాలు అటు వెళ్లిపోయాయి. మెడ దగ్గర నరం ఇంకోసారి కదిలింది. ఇంకేదో అన్నాడు. ఏమన్నాడు?

యాకయ్య కాలపు మిస్త్రీలది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. పది, ఇరవై, ముప్పై, అంతే. కొత్తవాళ్లది మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. వాళ్లు ఇరవై అయిదు అంటే అది యాకయ్యకు పది. అతని ఇరవై వాళ్లకు యాభై. ఒక్క చిన్న మాట వినకపోతే షాఫ్ట్ ఒంటి మీంచి రెండింతల పొర లేచిపోతుంది.

గోరు మాత్రం పదే చాలంటోంది. గీతలు పైపైనే ఉన్నాయి. ఇరవై ఎందుకు అడిగాడు? యాకయ్య గుమ్మం దాకా వెళ్లాడు. యుగేందర్ రోడ్డు మీద ఫోను మాట్లాడుతూ నవ్వుతున్నాడు. అడగడానికి నోరు తెరిచాడు. క్రితం వారం ఒక ట్రాక్టర్ రైతును మూడుసార్లు "ఆఁ?" అని అడిగితే, షాపు యజమాని చంద్రమోహన్ తలెత్తి అదోలా చూసిన చూపు గుర్తొచ్చింది. నోరు మూసుకుని వెనక్కి వచ్చాడు. బేరింగుల కోసం యుగేందర్ హైదరాబాద్ బస్సెక్కాడు. ఇక అడగాలంటే ఫోనే. ఫోనులో ఏం వినపడి చచ్చింది కనుక!

రోజంతా ఆ ఒక్క షాఫ్ట్ మీదే ఉన్నాడు. తిరిగే సానరాయిని మెల్లగా తాకించాడు, నిప్పురవ్వలు సన్నగా లేచాయి, కొలిచాడు, మళ్లీ తాకించాడు. పది దగ్గర ఆగాడు. గోరు వేసి చూశాడు. ఎక్కడా తగల్లేదు. అక్కడితో దించేయమని చెయ్యి మొత్తుకుంది. ఆ చేతి మాట వినకపోవడానికి చెవుడు కారణం కాదు, భయం కారణం. ఇరవై దాకా తీశాడు. మూలల్లో గుండ్రం చెక్కు చెదరకుండా చూసుకున్నాడు. అన్నేళ్లలో అంత నున్నగా మరో షాఫ్ట్ చేసి ఉండడు.

అయిదింటికి యుగేందర్ వచ్చాడు. బేరింగు పెట్టి చూశాడు. లొడలొడా ఊగింది. మైక్రోమీటర్ తీసుకుని కొలిచాడు. అతని ముఖం తెల్లబోయింది.

"ఏం జేసినవ్ కాకా! ఇరవై అయిదంటె యాభై తీసినవా? గట్టి పొరంత పాయె! నా ఇంజిన్ల వారం గూడ నిలువది గిది!"

చంద్రమోహన్ గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతుంటే యాకయ్య ఆ పెదాల నుంచి ఈ పెదాలకు పరుగెత్తలేకపోయాడు. ఇంకేం చేయాలో తోచక మిషన్ వైపు తిరిగి రాయి మీద పొడి తుడవసాగాడు. మిషన్ ఆగి ఉంది. షాపంతా నిశ్శబ్దం.

"యాకన్నా" అని వెనక నుంచి పిలిచాడు చంద్రమోహన్.

యాకయ్య తుడుస్తూనే ఉన్నాడు.

"యాకన్నా!" ఈసారి రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూశారు.

తుడవడం అయిపోయి యాకయ్య ఇటు తిరిగాడు. ఇద్దరి ముఖాల్లోనూ కోపం లేదు. ఎటు పోయింది? యుగేందర్ కళ్లు దించుకున్నాడు. యాకయ్యకు అర్థమైపోయింది. ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. నాలుగు తిట్లు తిట్టినా, కొట్టినా బాగుండేది.

"పోనియ్ కాకా" అని చేత్తో సైగ చేశాడు యుగేందర్. అప్పటిదాకా ఎవరూ అతనికి సైగ చేయలేదు. ఖాళీ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

చంద్రమోహన్ దగ్గరకు వచ్చి, ముఖంలో ముఖం పెట్టి, ఒక్కో మాటే విడదీసి అన్నాడు. "ఎన్నేండ్ల సంది?"

"రెండేండ్లు, సేటు."

"నాకన్న జెప్పవైతివి గదనే! గా రాయి కాడ ఏమన్నయితె? నేను అరిస్తె నీకు ఇనపడదు." చంద్రమోహన్ ఒకసారి మిషన్ వైపు చూసి మళ్లీ ఇటు తిరిగాడు. "రేపటి సంది... ఇంటికాడ ఉండన్న."

అన్నిటికన్నా ఆ మాటే స్పష్టంగా అందింది. యాకయ్య తలూపాడు. కట్టమ్మకు ఏమని చెప్పాలి? రెండేళ్లుగా ఆమె మొగుడికి పొగరనుకుంటూ బతికింది. పిలిచి పిలిచి, పలకకపోతే ఒక్కతే ఎన్నిసార్లు ఏడ్చిందో, అదైనా వినపడలేదు కదా తనకు!

తర్వాత షాఫ్ట్ దగ్గరకు వెళ్లాడు. ఇక ఎందుకూ పనికిరానిదే, అయినా ఆరబెట్టి వదిలేస్తే తుప్పు పడుతుంది. గుడ్డ ముక్కను ఆయిల్లో ముంచి ప్రతి మెడకూ, ప్రతి మూలకూ పట్టించాడు. పడుకోబెడితే వంగుతుందని ఎత్తి గోడవారగా నిటారుగా నిలబెట్టాడు. చేతులు కడుక్కుని, చంద్రమోహన్ వైపు చూడకుండా రోడ్డెక్కాడు.

మూడు నెలలైంది. మిషన్ దగ్గర ఇంకొకతను పనిచేస్తున్నాడు. పాత ఇనుము కొనేవాడు వచ్చినప్పుడల్లా చంద్రమోహన్ మిగతావన్నీ తూకం వేయిస్తాడు, దాన్ని మాత్రం ముట్టనివ్వడు. గోడవారగా ఆ షాఫ్ట్ ఒక్క తుప్పు మరకైనా లేకుండా అట్లాగే నిలబడి ఉంది.