పెంటమ్మ కుర్చీ

కుమారస్వామి వేపపుల్ల పంటి కింద పెట్టుకుని, కుర్చీ వీపు మీద అరచెయ్యి ఆనించి నొక్కాడు. కిర్రుమంది. చేతులానించే కొమ్మల మీద బరువు వేసి ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ కిర్రు. చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఎడమవైపు వెనక కాలు కొంచెం బయటికి పోయినట్టనిపించింది. నేలే సరిగ్గా లేదని ఇంటి ఓనరుని తిట్టుకుని, కాలి కింద పెంకుముక్క దోపాడు. కూర్చునేచోట అల్లిన నులకలో కనకాంబరం రేక ఒకటి ఇరుక్కుని ఉంటే గోటితో తీసి పారేశాడు. ఉగాదికి ముందు బిగించిన కుర్చీ అది. దసరాకల్లా ఆరిపోవలసింది. కార్తీకం కూడా వచ్చేసింది.

"ఇయ్యాలనన్న కూసోవచ్చా?" గడప దగ్గర పూలు ముందేసుకుని కూర్చున్న పెంటమ్మ అడిగింది.

"చప్పుడు ఇనబడ్తలేదా? కీళ్ళు ఇంకా పట్టలే. జర ఆగు."

"ఆగుత తియ్యి. ఆగుడు నాకు కొత్తనా?" అంటూ ఆమె దారం పంటితో తెంపింది.

కుమారస్వామి నోరు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్ళిపోయాడు.

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో ఒకే గది, కిరాయిది. అందులో సగం ఎప్పుడూ కొమ్మలే. ఈ చుట్టుపక్కల ఎక్కడ చెట్టు పడినా ఆయనకు కబురు అందుతుంది. కరెంటువాళ్ళు తీగలకు అడ్డమని వేపకొమ్మలు కొట్టినా, అశోక్‌నగర్‌లో పెంకుటిల్లు కూల్చి అపార్ట్‌మెంటు లేపుతూ పెరట్లో జామచెట్టు పడేసినా, కట్టె చెక్కే బాడిశ సంచిలో వేసుకుని హాజరు. వంపు తిరిగిన కొమ్మను వంపుతోనే, పంగను పంగలాగే, బెరడు కూడా తీయకుండా కుర్చీ చేస్తాడు. మేకు కొట్టడు. కాళ్ళకు పచ్చి కట్టె, కాళ్ళ మధ్య అడ్డకర్రలకు బాగా ఎండినది. పచ్చి కాలు ఆరుతూ ఆరుతూ ముడుచుకుని, తనలోకి దిగిన అడ్డకర్రను పట్టేసుకుంటుంది. ఒకసారి పట్టిందా, ఇక ఇద్దరు మనుషులు లాగినా ఊడదు.

అయితే పూర్తిగా ఆరేదాకా దానిమీద ఎవరూ కూర్చోకూడదు. ఇది ఆయన గట్టి పట్టింపు. ఒకప్పుడు హైదర్‌గూడలో వకీలుగారు ఆగలేక పచ్చి కుర్చీలో కూర్చుని పేపరు చదవడం మరిగారు. ఆయన ఒరిగినవైపే కాళ్ళు వంగి ఎండిపోయాయి. ఆ కుర్చీని చూసినవాళ్ళంతా కల్లు తాగొచ్చిందా అని నవ్వారు. ఆ నవ్వు కుమారస్వామి ఇప్పటికీ మరిచిపోలేదు.

పెంటమ్మకు కుర్చీ చెయ్యాలన్న కోరిక మాత్రం అంతకన్నా పాతది. పెళ్ళయిన కొత్తలో అశోక్‌నగర్‌లో ఒకరింటికి కుర్చీ ఇవ్వడానికి ఇద్దరూ వెళ్ళారు. కుర్చీ పెంటమ్మ నెత్తిమీద ఉంది. ఆ ఇంటావిడ, పేరు సులోచన, మంచిమనిషి, "నువ్వే కూసోని చూపియ్యమ్మా" అంది. పెంటమ్మ సిగ్గుపడుతూ కూర్చుంది. పాదాలు నేలకు అందలేదు. కాళ్ళు ఊపుకుంటూ పకపకా నవ్వింది. కుమారస్వామి ఆ నవ్వు చూసి, ఈమె పాదాలు నేలకు ఆనే కుర్చీ ఒకటి చెయ్యాలి అనుకున్నాడు. అనుకున్నాడు గాని పెదవి దాటి చెప్పలేదు. ఈ మగవాళ్ళ ప్రేమలు ఇట్లాగే తగలడతాయి.

తర్వాత ఎన్ని కుర్చీలు చేశాడో! ఆమెకోసం మొదలుపెట్టినవి కూడా కిరాయి కట్టే రోజు వచ్చేసరికి ఎవరో ఒకరి వరండాలోకి వెళ్ళిపోయాయి. గుడి ముందు అమ్మేవాళ్ళకు పూలు కట్టి ఇస్తూ పెంటమ్మ ఏళ్ళ తరబడి నేలమీదే కూర్చుంది. ఆఖరికి కుడి మోకాలు బిగుసుకుపోయి, లేవాలంటే గడప పట్టుకోవలసి వచ్చింది. అది చూడలేక, కిందటి మాఘంలో, ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పూలదారంతోనే మోకాలి నుంచి మడమ దాకా కొలత తీసుకున్నాడు. జామకొమ్మ పంగ ఒకటి వీపుకు దొరికింది. ఈసారి ఎవరికీ ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఇంతా చేస్తే ఇది కిర్రుమనడం మానదు!

ఆ రోజు అశోక్‌నగర్‌లో సపోటాచెట్టు కొట్టారు. పుస్తకాలు చంకలో పెట్టుకుని లైబ్రరీకి పోతున్న పిల్లలు పక్కకు తప్పుకుంటుంటే, కొమ్మలు భుజాన వేసుకుని నారాయణగూడ ఫుట్‌పాత్ మీద తను పనిచేసుకునే చోటికి చేరాడు. బాడిశ పట్టాడే గాని మనసు పనిలో లేదు. వానలు ఎక్కువై ఆరలేదా? కన్నాలు వదులుగా తొలిచానా? చెయ్యి పోయిందా నాది?

మధ్యాహ్నం జగదీశ్వర్ స్కూటరు ఆపాడు. హైదర్‌గూడలో మొక్కల నర్సరీ ఆయనది. కుమారస్వామి పీటలు, కుర్చీలు అక్కడే ఎక్కువ అమ్ముడుపోతాయి.

"మీ ఇంట్ల ఉన్న జామకర్ర కుర్చీ ఇచ్చెయ్యరాదు? ఒకామె గట్లాంటిదే అడుగుతున్నది."

"అది ఇచ్చేది కాదు సారు. ఇంట్ల మనిషిది." ఆ మాట అంటుంటే కుమారస్వామి చెవులు ఎర్రబడ్డాయి. "ఇంకా చప్పుడు చేస్తున్నది. ఎందుకో సమజైతలేదు."

"ఇంట్ల మనిషే కూసుంటె చప్పుడు చేస్తె ఏమైతది? కూసోనియ్యి పాపం."

జగదీశ్వర్ ఏదో మాటవరసకు అని వెళ్ళిపోయాడు. కుమారస్వామికి మాత్రం బాడిశ చేతిలో ఆగిపోయింది. నిజమే కదా. కిర్రుమంటే కిర్రుమననీ. వంకర పోతే పోనీ. నవ్వేవాళ్ళు నవ్వనీ. ఆమె మోకాలు ఇంకెన్నాళ్ళు ఆగుతుంది?

ఆ తర్వాత పని సాగలేదు. కొమ్మలు గోడకు ఆనించి, పొద్దు ఉండగానే ఇంటిదారి పట్టాడు. వీధి చివర మిర్చీలు వేస్తుంటే పెంటమ్మకు ఇష్టమని కట్టించుకున్నాడు. దారి పొడుగునా నోట్లో ఒకటే మాట: "కూసో పెంటమ్మా. ఇయ్యాల కూసో."

తలుపు దగ్గరికి వేసి ఉంది. తోశాడు.

పెంటమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో పూలు, వేలికి చుట్టిన దారం. బిగిసిన కుడికాలు ముందుకు చాపుకుని ఎడమవైపుకు ఒరిగింది. రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనాయి. తన కొలత అంత సరిగ్గా కుదిరినందుకు కుమారస్వామికి ఆనందం ఆగలేదు.

"ఆగలేకపోయినవా, ముసల్దానా? నేనే చెప్దామని ఉరికొచ్చిన. లేవకు, లేవకు, గట్లనే కూసో. మిర్చీలు తెచ్చిన, వేడిగున్నయ్."

ఆమె లేవలేదు. పొట్లం విప్పి ముందుకు పట్టినా చెయ్యి చాపలేదు. ఆయన వంగి మొహంలోకి చూశాడు. తర్వాత ఆమె పాదాల దగ్గర నేలమీద కూలబడ్డాడు.

ఎంతసేపటికో పక్కింటి రామమ్మ కొత్తిమీర కట్ట ఇద్దామని వచ్చి, చూసి, గుండె బాదుకుంది. "అయ్యో, పగటీలి కూడ మంచిగ మాట్లాడింది గదన్నా! రోజుటి లెక్కనే నువ్వు అటు పోంగనే కుర్చీల కూసున్నది..."

"రోజూ కూసుంటుండెనా?"

"నువ్వు చేసిన్నాటి నుంచి. నువ్వొచ్చే యాళ్లకు దిగి గడప కాడ కూసునేది. ఆయనకు చెప్పకు, కోపానికొస్తడు అన్నది. పాదాలు ఎంత మంచిగ ఆనుతున్నయో చూడు రామమ్మా అని మురిసేది."

కుమారస్వామి అప్పుడు ఏడ్చాడు. దొంగముండ, దొంగముండ అంటూ, ఆమె పాదాలు వదలకుండా పెద్దగా ఏడ్చాడు.

చలి పోయి ఎండలు ముదిరాయి. ఎవరూ కూర్చోకపోయేసరికి కీళ్ళన్నీ గట్టిగా పట్టేసుకున్నాయి. ఎడమకాలు మాత్రం పెంటమ్మ ఒరిగినవైపే వంగి అట్లాగే ఎండిపోయింది. జగదీశ్వర్ చూసి, కాలు మార్చరాదా అన్నాడు. "వద్దు సారు. ఆమె గట్లనే కూసుంటది" అన్నాడు కుమారస్వామి.

ఇప్పటికీ పొద్దున్నే వేపపుల్ల పంటి కింద పెట్టుకుని కుర్చీని నొక్కుతాడు. ఒక్కసారి కిర్రుమంటే చాలని చెవి పెట్టి వింటాడు. మళ్ళీ నొక్కుతాడు. గడప పక్కన ఆ పొట్టి కుర్చీ ఎడమకు ఒరిగి, నులక అల్లికలో ఎండిన కనకాంబరం రేకతో, చప్పుడు లేకుండా నిలబడి ఉంటుంది.