మీట పైన, గంట కింద

మే పదిహేడు, మధ్యాహ్నం పన్నెండు ఇరవై. కాకినాడలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కు కరెంటు పోయింది. లిఫ్టు రెండు, మూడు అంతస్తుల మధ్య ఆగింది. లోపల ఉన్న దమయంతి టీచరు ఎర్ర మీట నొక్కారు. నేను మోగలేదు.

నేను ఒక గంటను. మీ అపార్ట్‌మెంట్‌లోనూ కింద, లిఫ్టు పక్క గోడకు నాలాంటిది ఉంటుంది. ఎప్పుడైనా తలెత్తి చూశారా? హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేసిన మనిషి మూడుసార్లు మోగించి పెట్టెలో పెట్టాడు. నా పని ఒకటే: పైన మీట నొక్కితే కింద అరవడం. కరెంటు లేనప్పుడే నాతో అవసరం కనుక నాకు వేరే బ్యాటరీ ఉంటుంది.

అది కిందటి దసరాకు చచ్చిపోయింది. కొత్తదానికి పద్నాలుగు వందలు. మీటింగు పెట్టారు. నాకు ఎదురుగా ఉన్న ఒకటో నంబరు ఫ్లాటు వక్కలంక కామేశం గారిది.

"మేం లిఫ్టు ఎక్కం. లిఫ్టు ఖర్చులో కిందవాళ్ళకి వాటా లేదని మీరే రాసిచ్చారు. మీట పైవాళ్ళది, గంటా పైవాళ్ళదే" అన్నారాయన.

"మీట మాదేనండి. గంట మీ గుమ్మంలో ఉంది. మోగితే వినేది మీరేగా?" అన్నారు సెక్రటరీ బుల్లిరాజు గారు.

"అయితే నెలనెలా నాకే ఇప్పించండి, చెవుల అద్దె!"

అందరూ నవ్వారు. టీ తాగారు. విషయం వాయిదా పడింది. తరువాత మూడు మీటింగులు జరిగాయి. మూడింట్లోనూ పార్కింగు గురించే పోట్లాడుకున్నారు.

మే పదిహేడున వాచ్‌మన్ సూరిబాబూ, అతని భార్యా ఊళ్ళో లేరు. ఫోను ఇంట్లో మరిచి వచ్చిన టీచరు లిఫ్టు తలుపు బాదారు. కామేశం గారు విన్నారు. "ఇంత ఎండలో ఎవరో మేకులు కొడుతున్నారే" అని భార్య లలితాంబ గారితో అని, అటు తిరిగి పడుకున్నారు. ఒంటిగంటా నలభైకి కరెంటు వచ్చింది. లిఫ్టు కిందికి దిగింది. పాలప్యాకెట్టుకు బయలుదేరిన కామేశం గారే తలుపు తీశారు. టీచరు నేల మీద కూర్చుని ఉన్నారు. చేతిలో చెప్పు ఉంది. సాయంత్రం ఆసుపత్రిలో పోయారు.

జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం కామేశం గారు గభాలున బయటికి వచ్చారు.

"ఒరే సూరిబాబూ, గంట అంతలా మోగుతుంటే వినపడదట్రా? లిఫ్టులో ఎవరో చూడు!"

"లిఫ్టు ఖాళీయేనండి. గంటెక్కడ మోగిందండీ బాబూ? దానికి బ్యాటరీయే లేదు కదండీ!"

సూరిబాబు చెప్పింది నిజం. మరునాడూ నేను మోగలేదు. మరునాడూ ఆయన వచ్చారు.

జూన్ ఇరవైన బ్యాటరీ వేశారు. ఖర్చు కిందా పైనా అందరికీ సమానంగా పంచారు. ఆ మీటింగు ఐదు నిమిషాల్లో అయిపోయింది. సూరిబాబు మీట నొక్కాడు. నేను మోగాను. అన్ని అంతస్తుల వాళ్ళూ మెట్ల మీదికి వచ్చారు. కామేశం గారు రాలేదు. లలితాంబ గారు లోపలికి వెళ్ళి చెబితే, "రోజూ మోగేదేగా" అన్నారట.

వారం తరువాత ఆయనే సెక్రటరీ దగ్గరికి వెళ్ళి బతిమాలారు. "దాన్ని తీయించెయ్యండి బుల్లిరాజు గారూ. బదులు ఏం పెట్టినా మొత్తం నేనే కడతాను. నిద్ర లేదండీ నాకు."

జూలైలో లిఫ్టులో ఫోను పెట్టారు. నన్ను ఊడదీసి, గోడకు సిమెంటు పూసి, రంగు వేశారు. ఇప్పుడు నేను సూరిబాబు గదిలో, ఒక రేకు డబ్బాలో, ఫ్యూజు వైర్ల మధ్య ఉన్నాను.

నిన్న మధ్యాహ్నం ఒకటో నంబరు ఫ్లాటు గడియ తీసిన చప్పుడు వినపడింది. సూరిబాబు భార్య నూకరత్నం గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఏవయ్యా, పెద్దాయనొచ్చేరు. గోడ తడుముతున్నారు."