భరిణెలో ఎర్రరాయి

టూవూంబా తెలుగువాళ్ల బార్బెక్యూలో చాముండేశ్వరి ఆంటీ క్విజ్ పెట్టింది. ఫోటో చూసి, క్లూ విని, ఆస్ట్రేలియా ఎడారిలో అది ఏ చోటో చెప్పాలి. అన్నిటికీ ముందు చెయ్యెత్తింది డాక్టర్ భానుప్రసాదే. ఓడిపోతే ఆయనకి ఒళ్లు మంట.

ఆఖరి ఫోటోలో ఒక ఎర్రటి రాయి ఉంది.

"ఇలాంటివి ఎత్తుకెళ్లినవాళ్లు సారీ అని రాసి మరీ పోస్టులో తిరిగి పంపుతుంటారు. ఎక్కడివి?"

భానుప్రసాద్ చెయ్యి లేవలేదు.

"ఉలురు!" అన్నారెవరో. అందరూ చప్పట్లు కొట్టారు.

ఉలురు కొండ అక్కడి ఆదివాసులకు పవిత్రం. ఆ సంగతి తెలిసే, పోయినేడు భానుప్రసాద్ అక్కణ్ణుంచి ఒక రాయి జేబులో వేసుకొచ్చాడు. అయిదు రాళ్లని అయిదుగురు దేవుళ్లుగా కొలిచే పంచాయతన పూజలో వినాయకుడు ఎర్రరాయే కదా! వాళ్ల కొండని దోచి మన దేవుణ్ణి చేసుకున్నాడు మహానుభావుడు.

"డాడ్, వుయ్ హావ్ వన్ ఇన్ అవర్ పూజా రూమ్!" కూతురు లాస్య గర్వంగా అరిచింది.

అందరూ తమ ప్లేట్లలోకి తలలు దించుకున్నారు. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది ఆయనకి.

మర్నాడు పొద్దున్న పూజకి కూర్చున్నాడు. రాయికి నీళ్లు పోసి, కుంకుమ పెట్టి, హారతిచ్చాడు. చివర రోజూ చెప్పే మాట దగ్గర ఆగిపోయాడు.

"యథాస్థానం ప్రవేశయామి." అంటే, నీ చోటికి నిన్ను పంపుతున్నాను స్వామీ అని.

ఏడాదిగా ఆ మాట చెప్పడం, రాయిని మాత్రం మళ్లీ తన భరిణెలోనే పెట్టి మూత వెయ్యడం.