నాలుగో చరణం ముందు ఆగిన కిటికీ

నేను ఒక కిటికీని. నాకు చెక్క లేదు, ఊచలు లేవు, తలుపు రెక్కలు లేవు. చీరాలలో పూజాసామగ్రి దుకాణం నడిపే కొత్తమాసు గురునాథం గారి వెబ్‌సైటులో, మంగళహారతుల పేజీలో, అరచేతంత చదరాన్ని. నా నడుమ ఉన్న బాణం గుర్తును తాకితే ఒక స్త్రీ హారతి పాట పాడేది. పాట నాలో ఉన్నట్టు కనిపించేదే గాని నాలో ఉండేది కాదు. ఎక్కడో ఎవరిదో చానెల్లో ఉండేది. నేను చూపించేదాన్ని, అంతే. ‘అంతేనా’ అని అప్పట్లో నన్నెవరూ అడగలేదు.

నన్ను తయారుచేయడం పెద్ద పనేమీ కాదు. ఆ చానెల్లో వీడియో కింద ఒక మీట నొక్కితే రెండు మూడు వరసల రాత వస్తుంది. దాన్ని తెచ్చి మన పేజీలో అతికిస్తే కిటికీ సిద్ధం. గురునాథం గారు ఆ పని కూడా స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కంప్యూటరుకు దణ్ణం పెట్టి చేశారు. దుకాణం వెనకే ఇల్లు కాబట్టి ఆయన భార్య అలివేలు వత్తులు చేసుకుంటూ పక్కనే కూర్చుంది.

అతికించే ముందు చానెల్లోనే పాట విన్నారు. మూడు చరణాలకు ఆయన కళ్ళు చెమర్చాయి. నాలుగోది మొదలైంది.

‘మగ్గమే గుడిచేసి, మనసు పోగులు పోసి
వేటపాలెపు తులశి వేడెనమ్మా’

ఆయన మొహం చిట్లించారు. “అమ్మవారి హారతిలో మనిషి పేరేమిటి అలివేలూ?”

“కట్టినావిడ పేరై ఉంటుంది లెండి.”

“రేపు ఏ గుంటూరులోనో కొత్తకోడలు పీట ముందు నిలబడి వేటపాలెపు తులశి అని పాడితే ఏం బావుంటుంది? మూడు చరణాలకే ఆపేద్దాం.”

కిటికీ ఎక్కడ మొదలవ్వాలో ఎక్కడ ఆగాలో నిర్ణయించే హక్కు అతికించేవాడికి ఉంటుంది. అలా నేను ఒక చరణం తక్కువగా పుట్టాను. నా పక్క పేజీలోనే మహానుభావుల కీర్తనలు ఉండేవి. వాటి చివర వాళ్ళ పేర్లు ఉండేవి. ఆ పేర్లు వినపడితే గురునాథం గారు చెంపలు వేసుకునేవారు గాని, ఒక్కదాన్నీ ఆపలేదు. భక్తికి కూడా పెద్దాచిన్నా తెలుసన్నమాట.

ఎందరో ఆడవాళ్ళు పీట పక్కన ఫోను పెట్టుకుని నన్ను చూసి ఆ పాట నేర్చుకున్నారు. కొందరు నాలోంచి పాటను రికార్డు చేసి పట్టుకుని తమ చానెళ్ళలో పెట్టుకున్నారు. వాళ్ళకూ మూడు చరణాలే దొరికాయి.

ఒకనాడు దుకాణం ముందు ఒక పెద్దావిడ చెప్పులు విడిచింది.

“శెట్టిగారంటే మీరేనా? నేను బిట్రా తులశమ్మనండి. వేటపాలెం. నేత పని మాది. మీ కంప్యూటర్లో పాడేది నేనే.”

ఆయన లేచి కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు.

“మా వీధిలో వరలక్ష్మీ వ్రతానికి పాడుతుంటే ఎవరో చుట్టపాయన ఫోను ఎత్తి పట్టుకున్నాడు. ఫొటో అనుకున్నా. పోనీలెండి. మొన్న అదే పాట పాడుతుంటే నా మేనకోడలు మోచెయ్యి గిల్లింది. ‘అత్తా, ఇది మూడు చరణాలే, శెట్టిగారి సైటులో చూశాగా, నువ్వేంటి నీ పేరు కలుపుకున్నావ్’ అంది. అందరూ నవ్వారు. నా పాటకి నేనే దొంగనయ్యానండి.”

“అమ్మా, నేను తీసుకోలేదు. ఎవరో పెట్టింది చూపించాను. గుడికి దారి చెప్పినంత మాత్రాన గుడి మనదవుతుందా?”

“దారి చెప్పేవాళ్ళు గుడి దాకా చెప్పాలిగా శెట్టిగారూ! మీరు సందు మొగలో ఆపేశారే.” ఆమె కాస్త ఆగి, “పాట పైన ‘రచన: సంప్రదాయం’ అని ఆ చానెలాయన రాశాడంట. ఆవిడెవరండీ? మా వీధిలో ఆ పేరుగలావిడ లేదు” అంది.

అలివేలు ఫక్కున నవ్వి, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గురునాథం గారు నవ్వలేదు. అక్కడే కూర్చుని నన్ను చివరిదాకా సాగదీశారు. ఆ పూట మొదటిసారి నేను నాలుగో చరణం పాడాను. తులశమ్మ తన పేరు వచ్చేదాకా నిలబడి విన్నది.

“ఆ పైన కూడా నా పేరు రాయమని ఆయనకి చెప్పండి. ఇంకేం వద్దు” అని వెళ్ళింది.

చానెలాయనకు గురునాథం గారు రాశారు. జవాబు లేదు. దాంతో ఆ చానెళ్ళన్నీ నడిపే కంపెనీకి ఫిర్యాదు పెట్టారు. కంపెనీ అంటే ఆయన మనసులో ఊరి పెద్దమనుషుల్లాంటిదే. ఇద్దరినీ పిలుస్తారు, అడుగుతారు, పేరు రాయిస్తారు అనుకున్నారు. ఆ ఫిర్యాదులో పేరు రాయమని అడిగే చోటే లేదు. ‘తొలగించాలా’ అన్న ప్రశ్న ఒక్కటే ఉంది. అలా అంటేనైనా చానెలాయన్ని పిలిచి అడుగుతారని ఆయన అవునన్నారు.

కొన్నాళ్ళకు నేను నల్లబడ్డాను. ‘ఈ వీడియో అందుబాటులో లేదు’ అన్న మాట తప్ప నాలో ఏమీ మిగల్లేదు. మీ ఫిర్యాదు అంగీకరించాం అని ఆయనకు కబురు వచ్చింది.

తులశమ్మ సంతోషంగా వచ్చింది. “రాశారా పేరు?”

ఆయన తెర ఆమె వైపు తిప్పారు.

“పాటేదండి?”

“తీసేశారమ్మా.”

“ఎవరు తియ్యమన్నారు?”

“మనమే.”

నాలోంచి పట్టుకుపోయిన పాటలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటి మీదా ఆయన ఫిర్యాదు పెట్టారు. కంపెనీవాళ్ళు అసలు పాట చూపించమన్నారు. అసలు పాటనేమో తామే తీయించేశారాయె. తులశమ్మ చేత మళ్ళీ పాడించి దుకాణంలోనే వీడియో తీసి పెట్టారు. గొంతులో మునుపటి జీవం లేదు. దాని కింద ఎవరెవరో రాశారు: ‘పాతకాలపు హారతికి తన పేరు అతికించుకుంది, సిగ్గులేదు.’ మేనకోడలు చదివి వినిపించిందట. తులశమ్మే ఫోను చేసి దాన్ని తీసేయమంది. ఇప్పుడు వీధిలో హారతికి ఆమె పళ్ళెం పట్టుకుంటుందట గాని పాడదట.

“తల్లీ, చూపించడం తప్పా, ఆపడం తప్పా, తీయించడం తప్పా?” అని గురునాథం గారు దేవుడి గది ముందు అడగడం నేను విన్నాను.

ఈ శ్రావణంలో గురునాథం గారి ఇంట్లో కూడా వ్రతం జరిగింది. వచ్చిన ఆడవాళ్ళంతా ఆ పాటే పాడారు. ఇప్పుడది అందరికీ వచ్చిన పాట. మూడో చరణం కాగానే పళ్ళెం కిందికి దించారు. అలివేలు ఒక్కతే ‘మగ్గమే గుడిచేసి’ అని ఎత్తుకుంది.

“అదేంటి వదినా, అయిపోయిందిగా” అంది పక్కింటావిడ. కర్పూరం ఆరిపోతుందని ఎవరో తొందరపెట్టారు.

అలివేలు భర్త వైపు చూసింది. ఆయన తల వంచుకుని హారతి కళ్ళకద్దుకున్నారు.