జాడీలో కొవ్వొత్తి

అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అవ్వ కత్తిపీట మీద బెండకాయలు కోస్తోంది. నేను పక్కనే కూర్చుని పుంటికూర ఆకులు తుంపుతున్నాను. మా అక్క ఆరాధన స్కూటీ ఆపి లోపలికి వచ్చింది.

"అవ్వా, ఇంట్ల తెల్ల కొవ్వొత్తి ఉన్నదా?"

ఉన్నాయని ముగ్గురికీ తెలుసు. రేపు సమాధుల పండుగ, పోయినవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించే రోజు. మలేరియా జ్వరంతో పోయిన మా అన్న డేవిడ్ కోసం అవ్వ కొన్న కొవ్వొత్తుల పొట్లం బైబిల్ పక్కనే ఉంది.

అక్క పనిచేసేది కరీంనగర్‌లోనే, మలేరియా క్రిమి మీద పరిశోధన చేసే చిన్న ల్యాబులో. ఒకసారి నన్ను తీసుకెళ్ళి మైక్రోస్కోపులో చూపించింది. రక్తకణం లోపల, రాయి పొదిగిన ఉంగరంలా ఉంది. ఎంత అందంగా ఉందో అవ్వకు చెప్పలేదు.

ల్యాబులో పెంచే ఆ క్రిములకు రోజూ మేత మార్చాలి. ఆదివారం ప్రార్థన కాగానే అక్క ల్యాబుకే పోతుంది. బంద్ నాడు నడిచి పోయింది. ఉట్నూరు వైపు రోగుల రక్తంలోంచి తెచ్చినవి గాజు గిన్నెల్లో బతికేవి కావు. చచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదలుపెట్టేది. విసుక్కోగా నేను చూడలేదు. పోయిన వారమే ఒక పిల్లవాడి రక్తంలోంచి తెచ్చినవి నిలిచి పెరిగాయి. ఆ రోజు ల్యాబులో జిలేబీలు పంచారట.

"ల్యాబుల గ్యాస్ సిలిండర్ అయిపోయింది. కొత్తది రేపటికి గాని రాదు," అంది అక్క. "గాలి ఎక్కువైతే అవి చస్తయ్. గాజు జాడీల పెట్టి, కొవ్వొత్తి ముట్టిచ్చి మూత పెట్టాలె. ఆరేలోపు లోపలి గాలిని అదే సరిచేస్తది. వెనకట గట్లనే పెంచేటోళ్లని మా ల్యాబు వనజ మేడం చెప్పింది."

"దుకాణాల లేవా?"

"తెల్లయి అన్నీ అమ్ముడువోయినయ్. రంగులయి, సెంటువి ఉన్నయ్. వాటి పొగ పడదు."

"నీ పురుగులకు మస్తు నఖరాలున్నయే," అంది అవ్వ.

నేను నవ్వబోయాను. అవ్వ నవ్వడం లేదు.

"నా కొడుకును తిన్నదానికి నా కొడుకు దీపమా? నేనియ్య."

అక్క గడప మీద కూలబడింది. "గా పోరనికి మందిస్తే జ్వరం జల్ది దిగలే అవ్వా. ఎందుకు దిగలేదో వీటి మీద మందు వేసి చూడాలె. ఇవి చస్తే ఇగ చూసేటందుకు ఏం లేదు."

అవ్వ ఇంకో బెండకాయ కోసింది.

"పోరడు బతికిండా?"

"బతికిండు. బడికి పోతుండట."

"ఏం పేరు?"

"మాకు పేర్లు చెప్పరు. నంబరే."

"వానికి అవ్వ ఉన్నదా?"

"ఉన్నదట. రక్తం తీసినంతసేపు వాని చెయ్యి ఇడ్వలేదట."

అవ్వ లేచి పొట్లంలోంచి ఒక కొవ్వొత్తి తీసింది. "జాడీ ఎంత ఎత్తు?"

అక్క జాన పెట్టి చూపింది.

అవ్వ కత్తికి అంటిన జిగురును కొంగుతో తుడిచింది. "సెంటు పడదంటివి. బెండకాయ జిగురు గూడ పడదేమో," అంటూ కొవ్వొత్తిని రెండు ముక్కలు చేసింది. కింది ముక్కకు గోటితో మైనం గిల్లి వత్తిని బయటికి తీసింది. "ఇది డేవిడ్‌కు," అని పొట్లంలో పెట్టింది. పై ముక్కను అక్క ముందు పెట్టి మళ్ళీ బెండకాయలు అందుకుంది.

అక్క దాన్ని చున్నీ కొసలో చుట్టుకుంది. ఒకసారి అవ్వను చూసి, బయటికి నడిచి స్కూటీ ఎక్కింది.