చీకటి ఎరగని చామంతులు

నేను ఒక మొక్కల దీపాన్ని. ఎండ రాని ఇళ్లలో ఎండకు బదులుగా నన్ను వేలాడదీస్తారు. రాజమండ్రిలో ఒక ఎలక్ట్రికల్ దుకాణం బల్ల మీద నన్ను వెలిగించి చూస్తున్న సమయంలోనే, నా ఎదుట నిలబడ్డ దంపతులకు ఫోనులో ఒక మంచి కబురు వచ్చింది.

అంతకు కాసేపటి ముందు వాళ్లు నన్నూ, నా పక్కనున్న గులాబిరంగు దీపాన్నీ మార్చి మార్చి చూస్తున్నారు. అతని పేరు సోమశేఖర్, ఆమె వింధ్య. పెళ్లయి ఏడాది తిరగలేదు. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తిచేసి, అందులో నవ్వాల్సిందేమీ లేకపోయినా ఇద్దరూ నవ్వుకునే రోజులు. శేఖర్ మనసు గులాబిరంగు దాని మీద ఉంది. ఖరీదైనది కాబట్టి మంచిదై ఉంటుందని అతని లెక్క.

"ఇది వెయ్యి వాట్లండి," అన్నాడు దుకాణదారు.

వింధ్య పెట్టె తిరగేసి చూసింది. "వెనకాల నలభై అయిదని ఉందేంటండీ?"

"ఆయ్, వెయ్యి దాని పేరండి. నలభై అయిదు అది తాగే కరెంటండి."

నేను తాగేదీ అంతే. నా ధర మాత్రం దానిలో సగం. వింధ్య రెండు దీపాల కిందా అరచెయ్యి పెట్టి చూసింది. గులాబి వెలుగులో చెయ్యి ఎవరిదో అన్నట్టుంది. నా తెల్లటి వెలుగులో ఉన్నది ఉన్నట్టు కనిపించింది.

"ఇదే తీసుకుందామండీ. ఆకు పసుపెక్కితే మనకు తెలియాలి కదా. ఆ గులాబిదాని కింద చచ్చిన మొక్క కూడా పెళ్లికూతురిలా ఉంటుంది."

అప్పుడే రక్తపరీక్ష చేసిన చోటి నుంచి ఫోను. శేఖర్ విని, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, ఆమె వైపు చూసి తలూపాడు. ఆమె చెయ్యి ఇంకా నా కిందే ఉంది. ఆ చేతినే మెల్లగా తన పొట్టకు ఆనించుకుంది. నా వెలుగు పడిన మొదటి సంతోషం అదే.

"టైమరు కూడా తీసుకోండి. వేళకి దానంతటదే ఆరిపోద్ది," అన్నాడు దుకాణదారు.

"వద్దండి. మేం అసలు ఆర్పం," అన్నాడు శేఖర్. ఆ క్షణంలో అతనికి ఎక్కడా ఏ దీపమూ ఆరకూడదు. బేరం కూడా మరిచిపోయాడు.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. ఏదో ఊరి చివర రేకుల షెడ్డులో, ఒక అల్యూమినియం పలక మీద బియ్యపుగింజలంత దీపాలను వరసగా అతికించారు. తీగలు అంటించిన అమ్మాయి నన్ను వెలిగించి చూసి "ఊఁ" అంది. నాకు దొరికిన మొదటి మెప్పు అది. ఆ తర్వాత అట్టపెట్టె, లారీ, దుకాణంలో అర. మనుషులు ఎండకు అడ్డంగా మేడలు కట్టుకుంటారు, ఆనక అదే ఎండను పెట్టెలో పెట్టించుకుని ఇంటికి తెచ్చుకుంటారు. వాళ్ల ఈ అలవాటే నాకు బతుకుతెరువు.

వింధ్య వాళ్ల ఫ్లాటు కింది అంతస్తులో ఉంది. ఎదురుగా ఎత్తైన భవనం. డాబా మీద కుండీలు పెడితే నీళ్లు కారతాయని అపార్ట్‌మెంటు వాళ్లు ఒప్పుకోలేదు. అందుకని వంటింటి వెనక బట్టలారేసే చోట నన్ను కట్టారు. నా కింద కడియం నర్సరీల నుంచి తెచ్చిన చామంతి మొక్కలు పెట్టారు.

అవి ఎందుకో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఐదో నెలలో వింధ్యకు పూలు ముడిచే వేడుక చేయాలి. "బజారు పూలతో పనేంటి? ఇంట్లో పూసినవే జడ నిండా పెడతాను," అంది అత్తగారు కామేశ్వరి. ఆ మాటతో చామంతులు మొక్కల్లా కాక ఇంట్లో మనుషుల్లా చలామణీ అయ్యాయి. వింధ్య పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి నా కింద నిలబడేది. కొత్త ఆకు విచ్చుకుంటే అత్తగారిని కేకేసేది. చిగురు మీద నీటిచుక్క నిలిస్తే అదీ చూపించేది. అన్నిటికీ కామేశ్వరి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్లజోడు సర్దుకుని, చూసి వెళ్లేది.

నన్ను మాత్రం ఎవరూ ఆర్పలేదు. ఒకసారి శేఖర్ స్విచ్చి మీద చెయ్యి వేస్తే, కామేశ్వరే వారించింది.

"ఉండనీరా. పసివి. చీకట్లో బెంగ పెట్టుకుంటాయి."

మొక్కలు ఏపుగా పెరిగాయి. ఆకులు దట్టంగా, నల్లటి ఆకుపచ్చ రంగులో. మొగ్గ లేదు. దసరా వెళ్లింది, మొగ్గ లేదు.

"నా హస్తవాసి ఇంతేనేమో అత్తయ్యా," అంది వింధ్య నవ్వుతూనే.

"నీ హస్తవాసికేమొచ్చిందే? నువ్వు తోడేసిన పెరుగుని కత్తితో కొయ్యాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను ఇంకాస్త శ్రద్ధగా వెలిగాను.

దీపావళి వెళ్లాక ఒక పొద్దున వింధ్యను హడావిడిగా ఆసుపత్రికి తీసుకువెళ్లారు. మర్నాడు ఇంటికి తీసుకువచ్చారు. నాలుగో నెల నిండలేదు. ఆమె తువ్వాలు కోసం వంటింటి వెనక్కి వచ్చి, అది తీసుకోవడం మరిచిపోయి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. శేఖర్ వెనకే వచ్చి, ఏం చేయాలో తెలియక, తడిగా ఉన్న కుండీలకే మళ్లీ నీళ్లు పోశాడు.

"నా చేతిలో ఏదీ నిలవదండీ," అంది వింధ్య. ఈసారి నవ్వలేదు.

ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట వాళ్లకు ఊరట కాలేదు. తప్పు ఎవరిదీ కాకపోతే తిట్టుకోవడానికైనా ఎవరూ మిగలరు. ఆ లోటు పక్కింటి మాణిక్యాంబ తీర్చింది.

"ఆ దీపమేనండి వదినగారూ. పగలనకా రాత్రనకా ఆ వెలుగేంటండి? వట్టి మనిషి కూడా కాదాయె."

ఆవిడ వెళ్లాక కామేశ్వరి వచ్చి నా ప్లగ్గు పీకేసింది. ఆ మాట నమ్మిందని నేననుకోను. కోపం ఎవరి మీదైనా చూపించాలి కదా, ఇంట్లో మిగిలినవాళ్లందరూ ఏడుస్తున్నారు.

వెలుగుతున్నన్నాళ్లూ నాకు నా వెలుగే కనిపించేది. ఆరాక ఇల్లు కనిపించింది. వంటింట్లో మాటలు తగ్గిపోయాయి. పాలు పొంగి పొయ్యి మీద పడినా ఎవరూ ఎవరినీ అనలేదు. వింధ్య నా వైపు రావడం మానేసింది. శేఖర్ ఒక్కడే వచ్చి నీళ్లు పోసి వెళ్లేవాడు. పగలు ఎదుటి భవనం గోడ మీది నుంచి పలచటి వెలుగు జారేది. సాయంత్రమైతే నిండు చీకటి.

ఆ చీకట్లో చామంతులు మొగ్గ తొడిగాయి.

వాటిని మొదట చూసింది కామేశ్వరే. చూసి, కోడలిని పిలవలేదు. వంగి, ఒక్కో కుండీనీ పట్టుకుని మొగ్గలున్న వైపు గోడకు తిప్పింది. అవి విచ్చుకునే కొద్దీ కుండీలను మూలకు జరుపుతూ వచ్చింది. కానీ పసుపురంగు ఎంతకని దాగుతుంది? చాలా రోజులకు చీర ఆరేయడానికి వచ్చిన వింధ్య, తీగ మీద చీర సగంలో వదిలేసింది.

"నేను చూడ్డం మానేశాక పూశాయా?"

కామేశ్వరి గుమ్మంలోకి వచ్చింది. "నీ కంట పడకూడదనుకున్నానమ్మా. కోసేస్తాను."

"వద్దత్తయ్యా. పాపం, అవేం చేశాయి?"

వింధ్య పూల ముందు కూర్చుంది. వాటిని చూసింది, నన్ను చూసింది, వేలాడుతున్న ప్లగ్గును చూసింది. ఆ ప్లగ్గును చేత్తో పట్టుకుని భర్తను పిలిచింది.

"ఏవండీ, ఇంటర్లో చదివాను. రాత్రి పొడుగ్గా ఉంటేనే పూసే మొక్కలు. ఉదాహరణ చామంతి అని నేనే రాశాను. రెండు మార్కులూ వేశారు."

"నాది ఎంపీసీ," అన్నాడు శేఖర్ బిక్కమొహంతో. "అంటే మనమే వాటిని..."

"నిద్రపోనివ్వలేదు. అంతే. నా చేతి వల్ల కాదు."

ఆ మాట అన్నాక, ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాత మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. కామేశ్వరి పక్కనే నేల మీద కూలబడి ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది. పూలు ఎందుకు పూయలేదో పాఠంలో దొరికింది. బిడ్డ ఎందుకు నిలవలేదన్నదానికి ఏ పాఠంలోనూ జవాబు లేదు. అది ఆమెకూ తెలుసు. అయినా ఒక నింద ఆమె మీద నుంచి దిగింది.

సాయంత్రం కామేశ్వరి నన్ను విప్పడానికి స్టూలు తెచ్చుకుంది. "ఎవరికైనా ఇచ్చేద్దామా అమ్మాయ్?"

వింధ్య వంటింట్లోంచి వచ్చింది. కళ్లు ఇంకా ఉబ్బి ఉన్నాయి. చేతిలో నీళ్లగిన్నె, అందులో గుప్పెడు మెంతులు.

"ఉండనివ్వండత్తయ్యా. ఆకుకు అది మంచిదే. చామంతుల్ని హాల్లోకి జరుపుదాం. రేపు పొద్దున ఈ మెంతులు నేనే చల్లుతాను."