గాలికి పోయిన ఫిల్టరు

డ్రైవరమ్మ రోజూ తెల్లారగానే బడి బస్సుతో కొండ మలుపు తిరిగేది. అక్కడి నుంచి లోయ మీద పరుచుకునే వెలుగు చూసి చూసి, ఆఖరికి ఓ పాత కెమెరా కొనుక్కుంది. కానీ ఫొటోలో లోయ బాగా పడితే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబోయేది. ఆకాశం నిలిస్తే లోయ మసిబారేది.

"పైన నల్లగా, కింద అద్దంలా ఉండే ఫిల్టరు పెట్టాలమ్మా" అన్నాడు కెమెరా షాపాయన. గుండ్రంది బిగించడం తేలికేగానీ, దాని నలుపు ఎప్పుడూ సగానికే ఆగుతుంది. పలకలాంటిదైతే పైకీ కిందికీ జరుపుకోవచ్చు. "కొండల అంచు గీత గీసినట్టుండదుగా. నలుపు మెల్లగా కరిగిపోయేది తీసుకోండి. నేర్చుకునేవాళ్ళకి గాజుదెందుకు, ప్లాస్టిక్‌ది చాలు. దీన్ని లెన్సు ముందు పట్టి ఉంచే ఫ్రేము కూడా ఇవ్వనా?"

"ఫ్రేమొద్దు, చేత్తో పట్టుకుంటా" అందామె. అంతకుమించి డబ్బు పెట్టే స్తోమత లేదు.

ఆదివారం పొద్దున్నే ఆడపడుచుతో మలుపు దగ్గరికి వెళ్ళింది. ఇంటికి ఫ్యాను కొనకుండా కెమెరా కొందని ఆ పిల్లకి ఒళ్ళుమంట. అన్నయ్య పోరితే మూతి ముడుచుకుని వచ్చింది.

వెలుగు ఎక్కుతోంది. గాలి ఈడ్చి కొడుతోంది. కెమెరా స్టాండు కదలకుండా డ్రైవరమ్మ రెండు చేతులా పట్టుకుంది.

"ఆ పలక లెన్సు ముందు పట్టవే. ఇంకాస్త కిందికి... అదీ, కదపకు!"

"వేళ్ళు కొంకర్లు పోతున్నాయి వదినా."

అంతలో గాలి విసిరి కొట్టింది. పలక ఎగిరి, అంచుకి కాస్త దిగువనున్న బండ మీద పడింది. "అయ్యో!" అంటూ ఆ పిల్ల దానికోసం వంగింది. కాలికింద కంకర జారింది.

డ్రైవరమ్మ స్టాండు వదిలేసి ఆ పిల్ల వైపు దూకింది. చున్నీ దొరికింది, తర్వాత మణికట్టు. స్టీరింగు తిప్పీ తిప్పీ గట్టిపడ్డ చేతులవి. బోర్లా పడుకుని, పళ్ళ బిగువున లాగింది. వెనక కెమెరా దబ్బున పడిన చప్పుడైనా ఆమె తల తిప్పలేదు. లోయలో రాళ్ళు దొర్లుతూనే ఉన్నాయి.

పైకొచ్చాక వదిన ఆ పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది.

"బుద్ధుందా? ప్లాస్టిక్ ముక్క కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"నిన్నంతా దాన్ని తుడుస్తూనే ఉన్నావుగా..." ఆ పిల్ల వెక్కుతూ అంది. "పోతే ఏడుస్తావని."

వదిన ఆ పిల్లని దగ్గరికి లాక్కుని, చీరుకుపోయిన అరచేతిలో గుచ్చుకున్న కంకర ఒక్కొక్కటే తీసింది. కెమెరా గడ్డిలో పడి బతికిపోయింది. బండ మీద పలక మాత్రం లేదు.

తర్వాతి నెల ఇద్దరూ కలిసే షాపుకి వెళ్ళారు. మళ్ళీ ప్లాస్టిక్‌దే తీసుకున్నారు, ఈసారి ఫ్రేముతో.

"మొదటిదేమైందమ్మా?"

ఆ పిల్ల మచ్చలు పడిన అరచెయ్యి వెనక్కి దాచుకుంది.

"గాలికి పోయింది" అంది వదిన.